పక్కనే చమురు... బండికి కరువు!

అర్ధరాత్రి. చలి సున్నాకి నలభై డిగ్రీలు దిగువన. మంచు మేటల మధ్య ఓ లారీ రోడ్డు దిగి పక్కకి ఒరిగిపోయింది. చుట్టూ ఎటు చూసినా ఊరు లేదు, బంకు లేదు, సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. అటుగా వెళ్తున్న మరో లారీ డ్రైవరు రేడియోలో కబురందించాడు. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఓ టో ట్రక్ బయలుదేరింది. అది ఇక్కడిదాకా రావాలి, లారీని పైకి లాగాలి, దాన్ని వెనకాల తగిలించుకుని కొండెక్కి దిగి వెళ్లాలి.

మరి సాయానికొచ్చిన ఆ బండికే మధ్యదారిలో డీజిల్ అయిపోతే?

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, డాల్టన్ హైవే మీద బండి నడిపేవాళ్లకి ఇది ఊహ కాదు, లెక్క. ఇల్లు దాటేముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క. ఆ లెక్క కుదరకపోవడం వల్లే అక్కడి టో ట్రక్కుల పొట్టలు పెద్దవవుతాయి. 'అదేముంది, ఇంకో పెద్ద ట్యాంకు బిగిస్తే సరి' అనిపిస్తుంది. ఆ మాట అన్నంత తేలిక కాదు.

చమురు కోసం వేసిన దారి

డాల్టన్ హైవే పొడవు 666 కి.మీ. ఫెయిర్‌బ్యాంక్స్ నగరానికి ఉత్తరాన 135 కి.మీ. దూరంలో మొదలై ఆర్కిటిక్ సముద్రం దగ్గర డెడ్‌హార్స్ అనే చోట ముగుస్తుంది. అక్కడి ప్రుడోబే చమురు క్షేత్రానికి సామాన్లు చేరవేయడానికి 1974లో కేవలం 154 రోజుల్లో వేశారు దీన్ని. చాలాభాగం ఇప్పటికీ కంకర రోడ్డే. మొదట్లో చమురు కంపెనీల లారీలకే పరిమితం. మామూలు జనాన్ని చివరిదాకా వెళ్లనిచ్చింది 1994లో. హిస్టరీ ఛానల్‌లో 'ఐస్ రోడ్ ట్రక్కర్స్' చూసినవాళ్లకి ఈ రోడ్డు గుర్తుండే ఉంటుంది. 2009లో వచ్చిన మూడో సీజన్ తీసింది ఇక్కడే.

రోడ్డు వెంబడే ఓ పెద్ద గొట్టం వెళ్తుంటుంది. అడ్డకొలత 48 అంగుళాలు. అంటే ఐదారేళ్ల పిల్లాడు లోపల నిటారుగా నిలబడొచ్చు. 1977 నుంచీ అందులో ముడి చమురు పారుతోంది. ప్రుడోబే నుంచి దక్షిణాన వాల్డెజ్ రేవుదాకా 1,287 కి.మీ. ప్రయాణం దానిది. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర్లో నార్త్ పోల్ అనే ఊరుంది (పేరే తప్ప ఉత్తర ధ్రువానికీ దానికీ చాలా దూరం). అక్కడి శుద్ధి కర్మాగారం ఆ గొట్టంలోంచే ముడి చమురు తీసుకుని ఇంధనం తయారుచేస్తుంది. అంటే, బండి కిటికీలోంచి చూస్తే పక్కనే చమురేరు. బండి ట్యాంకులోకి మాత్రం చుక్క రాదు. సముద్రంలో దాహం వేసినట్టే!

ఈ దారిలో ఏడాది పొడవునా నమ్ముకోదగ్గ బంకు మధ్యలో ఒకే ఒక్కటి, కోల్డ్‌ఫుట్ దగ్గర. 1900 ప్రాంతంలో బంగారం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇక్కడిదాకా వచ్చి, ముందుకెళ్లే ధైర్యం చాలక వెనుదిరిగారట. ఇంగ్లిషులో 'కాళ్లు చల్లబడటం' అంటే జంకడమే. ఊరికి ఆ పేరలా స్థిరపడింది. కుక్కలబండ్ల పందేల్లో ఛాంపియనైన డిక్ మ్యాకీ 1981లో ఓ పాత స్కూలు బస్సులో లారీ డ్రైవర్లకి హాంబర్గర్లు అమ్మడం మొదలెడితే, అదే పెరిగి హోటలూ బంకూ అయింది. యూకాన్ నది దగ్గరా ఇంధనం దొరుకుతుంది గానీ చలికాలంలో దాన్ని నమ్ముకోలేం.

కోల్డ్‌ఫుట్ దాటితే మళ్లీ బంకు డెడ్‌హార్స్‌లోనే. మధ్య దూరం 240 మైళ్లు. అంటే 386 కి.మీ. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని బయలుదేరితే విజయవాడ దాటి, గుంటూరు దాటి, ఒంగోలు దాకా ఒక్క బంకూ కనిపించకపోతే ఎలా ఉంటుందో అలాగన్నమాట. అదీ మంచులో, కొండల మీదుగా. మధ్యలో అటిగన్ కనుమ ఉంది. ఎత్తు 1,400 మీటర్ల పైమాటే. హిమపాతాలు విరిగిపడే చోటది.

లాగే బండికి ఆకలెక్కువ

టో ట్రక్‌ని కనిపెట్టింది అమెరికాలోనే. టెన్నెసీ రాష్ట్రం ఛాటనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని ఉండేవాడు. తెలిసినాయన కారు వాగులో పడితే, చాలామంది మనుషులు తాళ్లతో, కప్పీలతో కుస్తీపట్టి బయటికి తీయాల్సి వచ్చింది. ఇంతకన్నా మంచి మార్గం ఉండదా అని ఆలోచించిన హోమ్స్, 1916లో ఓ పాత కాడిలాక్ కారు మీద క్రేను బిగించాడు. అదే ఊళ్లో ఇప్పుడు టో ట్రక్కుల మ్యూజియం ఉంది. రోడ్ల మీద ఇతరుల బండ్లను ఆదుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్న డ్రైవర్ల పేర్లతో అక్కడో స్మారక కుడ్యం కూడా కట్టారు.

ఆ రోజుల్లో వాగు ఊరి పక్కనే. వెళ్లి లాగి రావడానికి ఎంత ఇంధనం కావాలన్న ప్రశ్నే లేదు. భారీ లారీలను లాగే ఇప్పటి టో ట్రక్కుల సంగతి వేరు. అవి మూడు రకాలుగా డీజిల్ తాగుతాయి.

మొదటిది మామూలు ప్రయాణం. వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్లినా, క్రేనూ ఇనప సామానూ కలిపి అసలే బరువైన బండి. రెండోది తిరుగు ప్రయాణం. వెనక మరో లారీ, అందులో సరుకు. మైలేజీ సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. మూడోది చాలామందికి తట్టనిది. బండి కదలకుండా తాగే డీజిల్! ఉక్కుతాడు చుట్టే వించికీ, క్రేనుకీ శక్తి ఇంజిన్ నుంచే రావాలి. పైగా ఆ చలిలో ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. అందుకే రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. పెద్ద డీజిల్ ఇంజిన్ ఊరికే నిలబడి ఉన్నా గంటకి మూడు లీటర్లు హాంఫట్. కిలోమీటర్ల మీటరులో ఇదేమీ కనిపించదు. మైలేజీ లెక్కలు నమ్ముకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఓసారి ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం. అటిగన్ కనుమ దాటాక, కోల్డ్‌ఫుట్‌కి 200 కి.మీ. అవతల లారీ పడిందనుకుందాం. కోల్డ్‌ఫుట్‌లో ట్యాంకు నింపుకున్న టో ట్రక్, లీటరుకి 2 కి.మీ. చొప్పున అక్కడికి చేరడానికి 100 లీటర్లు తాగుతుంది. లారీని పైకి లాగడానికి ఐదు గంటలు, గంటకి పది లీటర్ల చొప్పున యాభై. తుపాను తగ్గి దారి తెరుచుకునేదాకా మరో పదిహేను గంటల ఎదురుచూపు, నలభై ఐదు. వచ్చేటప్పుడు కనుమ ఎక్కాలి, వెనక బరువుంది. లీటరుకి 800 మీటర్లే అనుకుంటే 250 లీటర్లు. మొత్తం 445. ఎంత తెలివైనవాడైనా చివరి చుక్క దాకా లెక్కేసుకుని బయలుదేరడు కదా. పాతిక శాతం అదనంగా పెట్టుకుంటే సుమారు 555 లీటర్లు.

బండికి రెండువైపులా 50 గ్యాలన్ల ట్యాంకులుంటే మొత్తం 378 లీటర్లు. చాలదు. దారిలో ఎక్కడో ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. అప్పుడిక సాయం కావాల్సింది ఇద్దరికి. అదే 100 గ్యాలన్లవి రెండుంటే 757 లీటర్లు. నిశ్చింతగా వెళ్లి రావచ్చు.

ముక్కు లేస్తే ముప్పే

మరి పెద్ద ట్యాంకు ఎక్కడ బిగించాలి? వెనకాల ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టేస్తే... అదే పెద్ద పొరపాటు.

పార్కులో పిల్లలు ఆడే సీ-సా గుర్తు తెచ్చుకోండి. టో ట్రక్ కూడా అలాంటిదే. వెనక చక్రాల ఇరుసే మధ్యలోని ఇరుసుగుంజ. లారీ ముందు భాగాన్ని ఎత్తి వెనకాల తగిలించుకోగానే, టో ట్రక్ ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది. వెనక ఇరుసుకి 3 మీటర్ల దూరంలో నాలుగు టన్నులు ఎత్తారనుకుందాం. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 6 మీటర్లయితే, ముందు చక్రాల మీద నుంచి ఏకంగా రెండు టన్నుల భారం మాయమైపోతుంది. ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు తగ్గితే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. మంచు మీదైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఖాళీ బండి ముందు ఇరుసు మీద ఉండే బరువులో కనీసం సగమైనా, లారీని ఎత్తాక కూడా మిగిలి ఉండాలన్నది ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పాటించే సూత్రం.

అదనంగా పట్టే 378 లీటర్ల డీజిల్ బరువు మూడొందల కిలోల పైచిలుకు. దాన్ని వెనక ఇరుసుకి మీటరున్నర వెనకాల పెడితే ముందు చక్రాల మీద మరో 75 కిలోలు తగ్గుతాయి. అదే ట్యాంకుని వెనక ఇరుసుకి 4 మీటర్లు ముందుకి, అంటే క్యాబిన్ పక్కగా మెట్టు కింద బిగిస్తే ముందు చక్రాల మీద 200 కిలోలు పెరుగుతాయి. ఒకే ట్యాంకు, ఒకే డీజిల్. ఓ చోట శత్రువు, మరో చోట మిత్రుడు!

ఇంకో చిక్కుంది. దారిలో డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఆ మిత్రుడు బక్కచిక్కిపోతాడు. వెళ్లేటప్పుడు నిండుగా ఉన్న ట్యాంకు, లారీని తగిలించుకుని తిరిగొచ్చేటప్పటికి సగం ఖాళీ. కాబట్టి బండి తూకం సరిచూసుకోవాల్సింది నిండు ట్యాంకుతో కాదు, ఖాళీ ట్యాంకుతో.

లోపల అలలు

సగం నిండిన బిందె నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లకి తెలుసు, నీళ్లు ఎలా తొణుకుతాయో. నిండుకుండకి ఆ బాధ లేదు. మూడొందల లీటర్ల ట్యాంకులో తొణికితే బ్రేకేసిన ప్రతిసారీ లోపల ఓ అల లేచి గోడని గుద్దుతుంది. కొన్నాళ్లకి అతుకులు పగులుతాయి. అందుకే పెద్ద ట్యాంకుల్లో రంధ్రాలున్న అడ్డుపలకలు పెడతారు. అల అక్కడే విరిగిపోతుంది.

రెండు ట్యాంకులుంటే గొట్టాల దగ్గర అసలు తెలివి చూపించాలి. డీజిల్ ఇంజిన్ తీసుకున్న ఇంధనమంతా కాల్చదు. మిగిలింది వెచ్చగా ట్యాంకుకి తిప్పి పంపుతుంది. రెండు ట్యాంకుల్లోంచీ తీసుకుని, మిగిలినదాన్ని ఒకదానికే పంపేలా గొట్టాలు బిగిస్తే ఏమవుతుంది? ఒకటి పొంగి రోడ్డు మీద కారుతుంటే, రెండోది ఎండిపోయి ఇంజిన్‌కి గాలి అందిస్తుంటుంది. మీటరు ముల్లు మాత్రం 'ఇంకా సగముంది' అంటుంది. రెండు ట్యాంకులనీ అడుగున గొట్టంతో కలిపే పద్ధతీ ఉంది. తేలికే. కానీ కంకర రోడ్డు మీద ఓ రాయి ఎగిరి ఆ గొట్టానికి తగిలితే రెండూ ఒకేసారి ఖాళీ! బండి ఓ పక్కకి ఒరిగి ఉంటే పైదానిలోని డీజిల్ కిందిదానిలోకి దిగిపోతుంది. టో ట్రక్ పనిచేసేది ఎప్పుడూ ఒరిగిన చోటే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అందుకే చాలామంది అదనపు ట్యాంకుని విడిగా ఉంచి, చిన్న పంపుతో అసలు ట్యాంకులోకి తోడుకునే ఏర్పాటు చేసుకుంటారు. ఎంత తోడామో తెలుస్తుంది. ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది.

చలి దేశాల్లో పెద్ద ట్యాంకుకి మరో శాపం ఉంది. డీజిల్‌లో మైనంలాంటి పదార్థం ఉంటుంది. చలి పెరిగితే అది పేరుకుని ఫిల్టరుకి అడ్డుపడుతుంది, కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు. అందుకే అలాస్కాలో చలికాలంలో పలచటి రకం డీజిల్ అమ్ముతారు (దాంట్లో లీటరుకి వచ్చే శక్తి కాస్త తక్కువ, కాబట్టి దూరమూ తగ్గుతుంది). చిన్న ట్యాంకు బండి దారిలో ఆగి ఆగి ఏ ప్రాంతపు డీజిల్ ఆ ప్రాంతంలో పోయించుకుంటుంది. పెద్ద ట్యాంకు బండి అలా కాదే! వెచ్చటి దక్షిణాదిలో చవగ్గా వస్తోందని నింపుకున్న డీజిల్‌తో నేరుగా చలిలోకి వచ్చేస్తుంది. ట్యాంకు నిండా ఇంధనం ఉంటుంది, ఇంజిన్‌కి మాత్రం అందదు.

పైగా సగం ఖాళీగా ఉన్న పెద్ద ట్యాంకులో గాలి ఎక్కువ. ఆ గాలిలోని తేమ గోడలకి పట్టి నీరై అడుక్కి దిగుతుంది. చలికి గడ్డకట్టి గొట్టం మూతి మూసేస్తుంది. వేసవిలోనైతే ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది.

తొమ్మిది మీటర్ల పైనుంచి...

అమెరికా ఫెడరల్ నిబంధనలు వాణిజ్య వాహనాల ట్యాంకుల విషయంలో చాలా పట్టుదలగా ఉంటాయి. బండి పక్కన బిగించే ట్యాంకు పాసవ్వాలంటే, నిండా డీజిల్ పడితే ఎంత బరువుంటుందో అంత బరువు నీళ్లు నింపి, 30 అడుగుల (సుమారు 9 మీటర్ల) ఎత్తు నుంచి ఓ మూల నేలకి తగిలేలా పడేస్తారు. సొట్ట పడొచ్చు. కానీ నిమిషానికి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములకి మించి కారకూడదు. మంటల్లో చిక్కుకుంటే లోపలి ఒత్తిడి పెరిగి పేలిపోకుండా దానంతటదే తెరుచుకునే మూత ఉండాలి. వేడికి ఇంధనం వ్యాకోచిస్తుంది కాబట్టి 95 శాతానికి మించి నింపే వీలు లేకుండా తయారుచేయాలి. అంటే ఇందాక లెక్కేసిన 757 లీటర్లలో నిజంగా పట్టేది 719 మాత్రమే. 378 లీటర్ల చిన్న జంటలో 359.

ట్యాంకు బండి వెడల్పుని దాటి బయటికి పొడుచుకు రాకూడదు. ముందు ఇరుసుకి ముందర ఉండకూడదు. నింపేటప్పుడు ఒలికితే సైలెన్సర్ గొట్టం మీదో వైర్ల మీదో పడకూడదు. ఎత్తులో పెట్టి గురుత్వాకర్షణతో నేరుగా ఇంజిన్‌కి అందించకూడదు. ఎందుకంటే గొట్టం తెగితే ఆపేవాడుండడు, ట్యాంకంతా కారేదాకా కారుతూనే ఉంటుంది.

వీటిలో ఓ నిబంధన మహా గమ్మత్తుగా ఉంటుంది. లాగే బండికీ లాగబడే బండికీ మధ్య, ప్రయాణంలో ఉండగా ఇంధన గొట్టం ఉండకూడదట. ఎంత ఆకలేసినా, వెనకాల వస్తున్న లారీ ట్యాంకులోంచి స్ట్రా వేసుకుని తాగడానికి వీల్లేదన్నమాట!

మన ఆటోనగర్‌లో అయితే...

మనకి బంకుల కరువు లేదు. జాతీయ రహదారుల మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేస్తే సాయం అందే ఏర్పాటూ ఉంది. మన లారీ డ్రైవర్ల లెక్కలు దూరానివి కావు, ధరవి. రాష్ట్రాన్ని బట్టి పన్ను మారుతుంది కాబట్టి, సరిహద్దుకి ఇవతల నింపాలా అవతల నింపాలా అన్నది వాళ్లకి బాగా తెలుసు. పెద్ద ట్యాంకు మీద మనసుపడేదీ అందుకే. కాకపోతే తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని బరువుకీ కాటా మీది బరువుకీ తేడా వస్తే ఇబ్బందే.

విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల రేకు వంచి ట్యాంకు చేయగల పనివాళ్లు లేకపోలేదు. కానీ ఈ పనిలో రేకు సంగతీ తెలిసుండాలి. తుప్పు పట్టదు కదా అని జింకు పూత రేకు వాడితే ఆ జింకు డీజిల్‌లో కరిగి, సబ్బులాంటి పదార్థంగా మారి ఫిల్టర్లనీ ఇంజెక్టర్లనీ పాడుచేస్తుంది. అల్యూమినియం తేలిక, తుప్పు తక్కువ. కాకపోతే ఉక్కు పట్టీ నేరుగా తగిలిన చోట, ఉప్పూ తడీ చేరితే తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేయాల్సిందే.

అన్నిటికన్నా ప్రమాదం పాత ట్యాంకుకి వెల్డింగ్ పెట్టడం. 'ఖాళీయే కదా, అందులోనూ పెట్రోలు కాదు డీజిలే కదా' అన్న ధైర్యం పనికిరాదు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే భయపెట్టాలి. గోడలకి అంటుకున్న డీజిల్ వెల్డింగ్ వేడికి ఆవిరై, లోపలి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. ఆవిరి లేకుండా పూర్తిగా శుభ్రంచేసి, పరీక్షించుకోవడం తెలిసినవాళ్లు తప్ప దాని జోలికి పోకూడదు.

కోల్డ్‌ఫుట్ బంకు దగ్గర ఉత్తరానికి తిరిగి ఆగిన బండిలో డ్రైవరుకి చేయాల్సిన పనులు కొన్నుంటాయి. మూత తీసి కర్ర ముంచి చూడాలి, మీటరు ముల్లుని నమ్మకుండా. పట్టీలు వదులయ్యాయేమో చేత్తో తడమాలి. ఫిల్టరు కింద చేరిన నీటిని వదిలేయాలి. చేతి తొడుగులు తీస్తే వేళ్లు కొంకర్లు పోయే చలిలో పది నిమిషాల పని. అది పూర్తయ్యాక, ఊరి చివర ఓ బోర్డు కనిపిస్తుంది. మళ్లీ ఇంధనం, తిండి, మనుషులు దొరికేది 240 మైళ్ల తర్వాతేనని.